నీలం పక్కన నారింజ

పది గంటలకి కట్టు విప్పుతామన్నారు. పది దాటిపోయింది, డాక్టరుగారు ఇంకా మగవాళ్ల వార్డులోనే ఉన్నారట, నేను మాత్రం వార్డు బయట ఈ బల్ల మీద కర్రలా నిటారుగా కూర్చున్నాను, వెనక్కి ఆనుకుంటే గోడ సున్నం పైటకి అంటుకుంటుంది, అంటుకుందంటే పూసల సందుల్లోకి పోతుంది, ఇక దాన్ని వదిలించడం బ్రహ్మతరం కాదు. లోపల కిటికీ పక్క మంచం మీద మా అమ్మ మంగాయమ్మ కుడికంటికి కట్టుతో వెల్లకిలా పడుకుని ఉంది. కదలొద్దన్నారని నిజంగానే కదలడం లేదు, పుట్టి బుద్ధెరిగాక ఇన్నాళ్లు ఆవిడ చేతులు ఊరికే ఉండడం నేను చూడలేదు. ఎడమ కన్ను నీటికాసుల జబ్బుతో ఎప్పుడో పోయింది. ఉన్నది ఈ ఒక్కటే. దీనికి శుక్లం తీశారు, ఇప్పుడు చూపు వస్తే వచ్చినట్టు, రాకపోతే ఇంక చెయ్యగలిగింది లేదని డాక్టరు భీమశంకరరావుగారు నాతో విడిగా చెప్పారు. అలాంటి రోజున నేను ఈ చీర కట్టుకుని వచ్చాను. వచ్చేపోయేవాళ్లందరూ చూస్తున్నారు. చూడనీ, చూడ్డానికే కదా కుట్టింది.

వార్డు తుడిచే నూకాలు బకెట్టు కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుని నన్ను ఎగాదిగా చూసింది. "ఏటమ్మా, ఆసుపత్రికొచ్చినావా, సంబరానికొచ్చినావా?" అంది. మా అమ్మ కన్ను తెరవగానే ఇదే చూడాలి, అందుకని కట్టుకున్నానన్నాను. అలాగా అని వంగి పైట ముట్టుకోబోయి, తన తడిచెయ్యి చూసుకుని వెనక్కి తీసుకుంది. అలా వంగే చాలాసేపు చూసింది. "ఇయి మా పడవలే కదేటి," అంది. ఆవిడది సముద్రం ఒడ్డున యారాడ, మగాడు చేపలవేటకి వెళతాడట. నేనేమీ చెప్పకుండానే, ఏ పడవ ముక్కు ఏ రంగో చూసి పడవలని పోల్చుకుంది. ఆ మాటతో నాకు ఒంట్లోకి ఎంత సత్తువ వచ్చిందో చెప్పలేను. మెచ్చుకోలు ఎవరిదైనా పుచ్చుకుంటాను, నాకు మొహమాటం లేదు. కాని నాకు కావలసింది ఇంకొకరి నోటినుంచి, ఒక్క మాట, అది ఆ మంచం మీద ఉంది.

పని. ఆ మాటే. మా అమ్మ దృష్టిలో లోకంలో పని అనేది ఒక్కటే, తెల్లదారంతో లేసు అల్లడం. మిగిలినవన్నీ వేడుకలు, సింగారాలు, పొద్దుపోని వ్యవహారాలు. మా పాలకొల్లు వైపు ఆడవాళ్ల చేతుల్లో అదే కదా, తెల్లదారం ఉండ, సన్నటి కొక్కెం, గుమ్మం పక్కన వెలుతురు పడే చోటు. అమ్మ అల్లిన పువ్వులన్నీ ఓడలెక్కి ఏ దేశాలకి పోయాయో, ఏ దొరసాని బల్లమీద పరుచుకుందో, ఒక్క గుడ్డయినా మా ఇంట్లో మిగల్లేదు. దారం మీద మరక పడితే ఏజెంటు వెనక్కి కొట్టేసేవాడు. అందుకని మా ఇంట్లో రంగంటే భయం. ఆవకాయ తిన్న చేతిని శీకాయతో రుద్దితేగాని గడప దాటనిచ్చేది కాదు. శుక్రవారం పసుపు రాసుకుంటే కాళ్లకే, చేతులకి కాదు. ఆషాఢంలో వీధిలో పిల్లలందరి అరచేతులూ గోరింటాకుతో ఎర్రగా పండేవి, నా ఒక్కదాని చేతులు అన్నం ముద్దల్లా తెల్లగా ఉండేవి, ఎందుకంటే నేను కూడా అల్లాలి. ఒకసారి సూర్యకాంతమ్మత్తయ్య వాళ్లింట్లో దొంగతనంగా చిటికెనవేలికి పెట్టించుకుంటే, ఆ వేలికి అమ్మ గుడ్డపీలిక చుట్టి కట్టి మరీ లేసు అల్లించింది. నొప్పి లేదు, ఉక్రోషం ఉంది. పీలిక కింద నా ఎర్రటి గోరు నాకు తెలుస్తూనే ఉండేది.

అమ్మని నేను తప్పుపట్టడం లేదు. ఆవిడ లేసు చూస్తే ఎవరూ తప్పుపట్టలేరు. వెనకా ముందూ తేడా ఉండదు, తిప్పి చూసినా ఒక్కలాగే ఉంటుంది. ముడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఎవరూ పట్టుకోలేరు. తెలుపులో తప్పు దాగదే కనకం, అనేది. రంగేసేవంటే తప్పు దాచేవన్నమాటే. నాకు పన్నెండేళ్లప్పుడు అది వేదవాక్కు. ఇరవై ఏళ్లొచ్చేసరికి కూడా అది వేదవాక్కే, కాబట్టే గవర్రాజుగారితో పెళ్లై విశాఖపట్నం పోర్టు క్వార్టర్సుకి కాపరానికి వస్తూ ట్రంకుపెట్టె అడుగున నేను అల్లిన గుమ్మం తెర పెట్టుకుని వచ్చాను. తెల్లటిది. నిలువెత్తుది. అమ్మ తిప్పి తిప్పి చూసి, ఫరవాలేదు అంది, అంటే బాగున్నట్టు.

ఇక్కడివాళ్లెవరైనా వింటే నవ్వుతారు, పోర్టు క్వార్టర్సులో తెల్ల తెర కట్టిందట. ఎవరు కడతారు? ఓడకి ఐరన్ ఓర్, అదే ఇనపరాయి, ఎక్కించే రోజున గాలి ఇటు తిరిగిందంటే అన్నం కంచం మీద కూడా ఎర్రటి పొర దిగుతుంది. ఆరేసిన బట్టలు, తులసాకులు, పిల్లల తలలు, అన్నీ ఇటికరంగే. నాకేం తెలుసు? మా ఆయన కట్టొద్దనలేదు, క్రేను మీద ఉద్యోగం, ఆయన ఒంటికి ఎప్పుడూ ఆ ధూళే కాబట్టి దాన్ని ధూళి అనుకోవడం మానేశాడు. వారం తిరిగేసరికి నా తెర పెంకులు కాల్చే బట్టీలోంచి తీసినట్టు అయింది. కుంకుడుకాయ పెట్టాను, సోడా పెట్టాను, ఉడకబెట్టాను, పోలేదు. మా పాలకొల్లు బుర్ర ఏం చెప్పింది? తెలుపు పసుపెక్కితే నీలిమందు వేస్తాం కదా, ఎరుపెక్కితే కాస్త ఎక్కువ వెయ్యాలి. వేశాను. డబ్బా డబ్బా వేశాను. లేసు అల్లేవాళ్లు తప్ప ఇంకెవరూ అంత తెలివితక్కువ పని చెయ్యరు, ఎందుకంటే ఇంకెవరికీ తెలుపు మీద అంత పంతం ఉండదు. తీసి చూస్తే తెర సగం వంకాయరంగు. దండెం కింద కూలబడి ఏడ్చాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, "ఏటైంది, ఎవులు పోయేరు?" అన్నాడు, పదేళ్లు ఈ ఊళ్లో ఉండి మాట మారిపోయింది ఆయనకి. తెర అన్నాను. ఆయన నవ్వి, అలాగే తీసుకెళ్లి గుమ్మానికి కట్టేశాడు.

మర్నాడు పొద్దున్న ఎండ దాని వెనకనుంచి పడింది. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎరుపూ నీలం కలిసిపోయిన చోట వంకాయ తొక్క, నిజమే, చూడ్డానికేం లేదు. కాని కొన్ని చోట్ల అవి కలవలేదు. ఒక పువ్వు రేకు ఎర్రగా ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఆకు నీలంగా తేలింది, ఆ రెండిటి మధ్య ఏదో రాజుకున్నట్టుంది. నేనల్లిన పువ్వే, నేను ముందెన్నడూ చూడలేదు దాన్ని. తెల్లగా ఉన్నన్నాళ్లూ అది మంచి అల్లిక, ఇప్పుడు అది పువ్వు. కాఫీ చల్లారిపోయింది. ఆ రోజే బజారుకి వెళ్లి రంగుదారాలు కొన్నాను.

అప్పటికి ఫిషింగ్ హార్బరు కొత్తగా కట్టారు. చేపలకని వెళ్లేదాన్ని, చేపల బుట్టలు చూసేదాన్ని కాదు, పడవలు చూసేదాన్ని. నీలం పక్కన నారింజ, నారింజ కింద పసుపు చార, ముక్కు మీద పచ్చటి చుక్క. ఎవరు నేర్పారు వీళ్లకి? ఒక ముసలాయన పడవకి రంగేస్తూ కనిపిస్తే ఉండబట్టలేక అడిగాను, ఆ నారింజ ఎందుకు తాతా అని. బుర్ర ఎత్తకుండానే, ఉత్త నీలమే వేస్తే పడవ నీళ్లలో కలిసిపోతుందని, ఒడ్డు మీద ఆడోళ్లకి ఆనదని, తిరిగొస్తున్నది ఎవరి పడవో దూరం నుంచే తెలియాలని చెప్పాడు. అంతే. సింగారం కాదది. మనిషి ఇంటికొస్తున్నాడో లేదో చెప్పే రంగు. ఆ రోజునుంచి నాకు పాలిపోయిన రంగులంటే మంట. ఉంటే ఉన్నట్టుండాలి, లేకపోతే ఊరుకోవాలి.

రంగులైతే వచ్చాయి, మెరుపు రాలేదు. మెరుపు కోసం పాత పోస్టాఫీసు వైపు సందులో జమాలున్నీసా ఆపా దగ్గరికి వెళ్లాను. పెళ్లికూతుళ్ల దుపట్టాలకి పూసలు కుట్టేది. నేను బొట్టుతో, పూలతో వెళ్లి గుమ్మంలో నిలబడితే, చీర కుట్టించుకోవడానికి వచ్చాననుకుంది. నేర్చుకోవడానికన్నాను. చేతులు చూపించమంది. కొక్కెం రాసి రాసి వేలి పక్కన పడ్డ కాయ తడిమి, లోపలికి రమ్మంది. పని నేర్పడం ఆవిడకి మాటలతో రాదు, ఆవిడ పక్కన మగ్గం చట్రానికి ఇవతల కూర్చుని చూడాలి, తప్పు చేస్తే సూది పెట్టి విప్పేస్తుంది, ఎందుకో చెప్పదు. ఒకే ఒక్కసారి చెప్పింది. ఎర్రపూసని ఎర్రదారంతో ఎర్రగుడ్డ మీద కుట్టి, మెరవడం లేదేమని నేను ఏడుపుమొహం పెడితే, నా చేతిలోంచి సూది తీసుకుని, గాజుపూస ఒకటి ఎక్కించి, మొదట పచ్చదారంతో, మళ్లీ పసుపుదారంతో కుట్టి చూపించింది. పూస అదే. ఒకటి ఆకు మీద నీటిబొట్టు, ఇంకొకటి దీపం. "పూసకి సొంతరంగు సగమే బేటీ," అంది. "తతిమ్మా సగం లోపల పోయే దారం ఇస్తది. పైకి కనపడదు, అదే పని." అదే పని! ఆ మాట విని ఆ సందులోంచి బస్సు స్టాపు దాకా నడవలేదు నేను, పరుగెత్తాను. లోపలి దారం పైకి కనపడదు, కాని అది తప్పు దాచదమ్మా, రంగు పుట్టిస్తుంది. పాలకొల్లు వెళ్లగానే ఇదే చెప్పాలనుకున్నాను.

చెప్పాను కూడా. దిండుగలీబు ఒకటి తీసుకెళ్లి ఒళ్లో పెట్టాను. అమ్మ అద్దాలు సర్దుకుని చూసి, తిరగేసి వెనక చూసి, "సింగారం బాగానే ఉంది. పనెక్కడే?" అంది. అన్నం తినకుండా మధ్యాహ్నం బండికే వచ్చేశాను. మళ్లీ ఏడు మళ్లీ పట్టుకెళ్లాను. ఆపా అలవాటు చేసినట్టు నాలుగు పూసలకొక ముడి, ఒక పూస తెగినా పక్కది కదలదు, కుట్టు పూర్తయ్యాక గుడ్డని గుప్పిట్లో నలిపి చెవి దగ్గర పెట్టుకుంటే వదులుపూస చప్పుడు వేరేగా వస్తుంది, అదీ చూసి మరీ తీసుకెళ్లాను. ముద్దుగా ఉందే అంది. ముద్దు! నేనేమన్నా బొమ్మలపెళ్లి చేశానా? ఇలా ఎన్నేళ్లో. మధ్యలో ఒకసారి వెళ్లినప్పుడు అద్దాలు సర్దుకోలేదు, వెనక తిరగేయలేదు, చేత్తో తడిమి పక్కన పెట్టేసింది. నాకు ఒళ్లు మండింది. చూడనైనా చూడవా అన్నాను. చూస్తన్నానే, మజ్జిగలోంచి చూసినట్టుంది, అంది. అప్పుడు తెలిసింది. అప్పటికి చాన్నాళ్లుగా వేళ్లతో లెక్కపెట్టుకుంటూ లేసు అల్లుతోందట, ఎవరికీ చెప్పకుండా, ఎవరూ పట్టుకోలేకుండా. నా కోపం ఎటు పోయిందో. మా అమ్మ చూడండి ఎలాంటి మనిషో, అని ఊరంతా తిరిగి చెప్పాలనిపించింది.

కాని నా మంచి పనంతా ఆ మజ్జిగ రోజుల్లోనే జరిగింది, అదే నా బాధ. నాకు అసలు చెయ్యి తిరిగింది ఆవిడ కన్ను మసకేశాకే. స్టీల్‌ప్లాంటు పనులు మొదలై ఊరినిండా కొత్తవాళ్లు దిగాక నా పేరు ఎక్కడెక్కడికో పాకింది. ఒక ఇంజనీరు గారి భార్య జీపులో వచ్చి, వర్క్ చాలా బాగుందండీ, కాని కలర్సే కొంచెం ఎక్కువయ్యాయి, నాకు క్రీము మీద లేత గులాబీతో కుట్టిపెట్టండి అంది. నేను కుట్టనండీ అన్నాను. మా ఆయన లోపల్నుంచి దగ్గాడు. క్రీము కావాలంటే మా అమ్మ లేసు చూడండి, దాని ముందు ఏ క్రీమూ నిలవదు, నా దగ్గర మాత్రం ఇవే రంగులు అని తలుపు దాకా సాగనంపాను. వచ్చినోళ్లని పొమ్మంటావేటి, అని ఆయన సణుగుతుండగానే జీపు రెండో వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చింది. చిలకపచ్చ మీద రాణీరంగు కుట్టించుకుంది. తర్వాత వాళ్ల క్లబ్బులో సగంమందిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎందుకు తగ్గాలి? అరచేతులు తెల్లగా పెట్టుకుని పెరిగాను నేను, నాకు రంగు ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

ఇప్పుడు ఈ చీర. నెమలికంఠం నీలం, దానిమీద గాజుపూసల్లో నీలిదారం పోనిచ్చి కుట్టిన నీళ్లు, నీళ్లమీద పడవలు, నారింజపూసల్లో ఎర్రదారం. అమ్మని పాలకొల్లు నుంచి ఇక్కడికి తెచ్చి ఆపరేషను ఖాయం చేసుకున్న రోజున మొదలుపెట్టి నిన్న మధ్యాహ్నం ముగించాను. సిగ్గులేదా, తల్లికి కన్ను వస్తుందో రాదో తెలియదు, నీ పైట గొడవ నీకా అని నన్నెవరైనా అడిగితే, లేదనే చెప్తాను. చూపు రావాలి. వచ్చి, నాది పని అనాలి. మొదటిది దేవుడి చేతిలో, డాక్టరుగారి చేతిలో ఉంది. రెండోది నా చేతుల్లో ఉండేది, చెయ్యాల్సింది చేసేశాను, ఇంతకంటే బాగా కుట్టడం నాకు రాదు. ఇది చూసి కూడా ముద్దుగా ఉందంటే? అంటే అననీ. నాకు తెలుసు ఇదేమిటో. కాని అరచేతులకి చెమట పడుతోంది, పూసలకి తగలకుండా ఒళ్లో వెల్లకిలా తిప్పి పెట్టుకున్నాను.

నూకాలు గుమ్మంలోంచి చెయ్యి ఊపింది. "రాయమ్మా, బాబుగారొచ్చేరు." మళ్లీ పిలిపించుకుని లేచాను. భీమశంకరరావుగారు అమ్మ మంచం మీద వంగి ఉన్నారు, నర్సు కిటికీ రెక్క ఓరగా వేసింది. కట్టు ఒక్కొక్క చుట్టే విప్పుతున్నారు. లోపలి దూది తీశారు. కన్ను ఎర్రగా, తడిగా, పుట్టిన పిల్లదానిలా ఉంది. మెల్లగా తెరవమన్నారు. అమ్మ తెరిచింది. డాక్టరుగారు మొహానికి దగ్గరగా వేళ్లు చాపి, ఎన్ని వేళ్లమ్మా అన్నారు.

అమ్మ మాట్లాడలేదు. ఆయన మళ్లీ అడిగారు. అమ్మ మాట్లాడలేదు. నర్సు నావైపు చూసింది, నేను నూకాలు వైపు చూశాను, నూకాలు నేలకేసి చూసింది. అయిపోయింది అనుకున్నాను. పడవలూ వద్దు, పేరూ వద్దు, ఈవిడకి గుమ్మం కనపడితే చాలు, గ్లాసు కనపడితే చాలు, నా పని ఎవరూ చూడకపోయినా ఫరవాలేదు అనుకున్నాను, అన్నాళ్ల పంతమూ ఆ క్షణంలో నిజంగానే వదిలేశాను.

"బాబూ, కాస్త పక్కకి జరుగు," అంది అమ్మ.

ఆయన అర్థంకాక చెయ్యి అలాగే చాపి కొంచెం జరిగారు. అమ్మ తల తిప్పకుండా ఆయన భుజం మీదుగా చూస్తోంది. "ఎవరే అక్కడ?"

"నేనమ్మా. కనకాన్ని."

"నీ మొహం తెలీట్లేదు, అలికినట్టుంది. ఆ నీలం ఏంటే అలా ఉంది? నీలం అలా ఉంటాదా?" అంది. శుక్లం తీసేశాక మొదట్లో నీలం అలా కొట్టొచ్చినట్టు కనపడుతుందని డాక్టరుగారు ఏదో చెప్తున్నారు, నాకు వినపడలేదు, నేను మంచం దగ్గరికి వెళ్లి పైట కొంగు ముందుకి లాగి అమ్మ ఛాతీ మీద పరిచాను. ఆయన ట్రేలోంచి మందపాటి అద్దం ఒకటి తీసి అమ్మ కంటి ముందు పట్టుకున్నారు. అమ్మ పైట అంచు ఎత్తి ఆ అద్దం దగ్గరికి తెచ్చుకుంది. ఒక పడవ చూసింది. దాని పక్క పడవ చూసింది. నారింజపూస ఒకదాన్ని గోటితో మీటింది, కదల్లేదు. లోపల ఎర్రదారమా అంది. అవునమ్మా అన్నాను. అక్కణ్ణుంచి పూసల నీళ్లవైపు జరిగింది, గాజుపూసల వరస మీద ఒక్కొక్కటే వేలు ఆనిస్తూ, పెదవులు కదుపుతూ, లేసు పూర్తయ్యాక వరసలు సరిచూసుకునేటప్పుడు చేసేటట్టే చేస్తోంది. కన్ను కారుతోంది. తుడుచుకోవద్దని నర్సు అంది, అమ్మకి తుడుచుకోవాలన్న ధ్యాసే లేదు. వార్డులో అందరూ మంచాల మీద లేచి కూర్చుని చూస్తున్నారు.

డాక్టరుగారు ఇంకో చెయ్యి మళ్లీ ఎత్తారు. "అమ్మా, ఎన్ని వేళ్లో ఇంకా చెప్పలేదు మీరు," అన్నారు.

"మూడు," అంది అమ్మ, పూసల మీంచి చూపు తిప్పకుండానే. "మొదట చాపినప్పుడే చూసేను బాబూ. ఉండు, ముందు మా అమ్మాయి పని చూడనియ్యి."

ఆయన వేళ్లు ముడుచుకుని, అద్దం కదలకుండా పట్టుకుని నిలబడ్డారు.